పెదవి కదపకుండా చదవడం

మా మామగారికి కళ్లు కనిపించడం లేదన్న సంగతి ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. అది కనిపెట్టడంతోనే నా సంగతి కూడా బయటపడింది.

ఆయన కామారెడ్డిలో వకీలు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాదిన్నర. మా ఆయన కామారెడ్డి అవతలి రాజంపేట దగ్గర పొలం చూసుకుంటూ వారానికోసారి వచ్చి వెళ్లేవాడు. ఒకరోజు పొద్దున మజ్జిగ ఇవ్వడానికి ముందు గదిలోకి వెళ్లాను. మామగారు కిటికీ పక్కన కూర్చుని ఏదో దస్తావేజు చదువుతున్నారు. ఒక కాగితం చూసి, తిప్పి, ఇంకోటి చూస్తున్నారు. ఎదురుగా కూర్చున్న రైతు చేతులు కట్టుకుని, ఆయన ఏమంటారోనని ముఖంలోకి చూస్తున్నాడు. ఆ కాగితాలు తలకిందులుగా ఉన్నాయి.

రైతు ముందు నేనేమీ అనలేదు. అతను వెళ్లిపోయాక గ్లాసు తీసుకోవడానికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "మామా, కాయితాలు తలకిందులు పట్టుకున్నరు" అన్నాను.

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టారు. తర్వాత, "అవి ఉర్దూ కాయితాలు. తలకిందులున్నయని నీకెట్ల తెలుసు?" అని అడిగారు.

అప్పుడు గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు. మాది మద్నూర్. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. మా బాపు అక్కడి బడిలో ఉర్దూ చెప్పేవాడు. బడిలో పిల్లలకు చెప్పిందే ఇంటికొచ్చి నాకూ చెప్పాడు. అత్తవారింట్లో ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆడపిల్లకు నైజాం కచేరీ భాష వచ్చంటే మెచ్చుకునే కాలం కాదది.

"మా బాపు నేర్పిండు" అన్నాను.

"నా కండ్ల సంగతి ఎవలకన్న చెప్పినవా?"

"లేదు మామా."

"చెప్పకు. నీ సంగతి నేను చెప్ప. నా సంగతి నువ్వు చెప్పకు."

అంతకు రెండు నెలల ముందే ఆయన దగ్గరుండే గుమాస్తా ఇంకో వకీలు దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి అనుమానం వచ్చే వెళ్లాడని మామగారి భయం. వకీలుకు చూపు లేదన్న మాట కోర్టు దాకా పోతే కక్షిదారులు ఒక్కరూ గడప తొక్కరు. కొత్త గుమాస్తాను పెట్టుకుంటే వారంలో ఊరంతా తెలుస్తుంది. ఇక మిగిలింది నేను.

మర్నాటి నుంచి నేను ముందు గదిలో చాప మీద, ఆయన కుర్చీలో. మా అత్తగారు గడపలో చాట పెట్టుకుని కూర్చునేవారు. బియ్యం ఏరుతున్నట్టు ఉండేది గాని చూపంతా మా మీదే.

"ఇంటి కోడలు మామ ముందల కూసోని కచేరి కాయితాలు సదువుడేంది? నలుగురు ఇంటే ఏమంటరు?" అన్నారు మొదటిరోజే.

"నలుగురు ఇంటే రేపటి సంది మనింటికి ఎవ్వలు రారు. అందుకే జర మెల్లగ మాట్లాడు" అన్నారు మామగారు.

నాకు వచ్చిన చదువు బడి చదువు. వేలు పెట్టి, ఒక్కొక్క మాట పైకి పలుకుతూ, కొంచెం ఊగుతూ చదివేదాన్ని. మామగారు రెండు కాగితాలు ఓపికపట్టి విన్నారు.

"బిడ్డా, ఇంకెన్ని ఉన్నయి?"

"ఇరవై ఉన్నయి మామా."

"నువ్విట్ల సదివితే జడ్జి ఇంటికి పోయి అన్నం తిని పండుకుంటడు. పైంగ పక్కింటోళ్లకు కూడ మన కేసు మొత్తం ఎరుకైతది. నోరు మూసుకోని సదువు. సదివినంక నాకు చెప్పు."

నోరు మూసుకున్నా పెదవులు కదిలేవి. ఆయనకది కనిపించకపోయినా ఎలాగో తెలిసేది. ఒక వక్క ముక్క ఇచ్చి నాలుక కింద పెట్టుకోమన్నారు. పెదవీ నాలుకా కదిలితే వక్క పంటికి తగిలేది. ఆ చిన్న చప్పుడు వినగానే కుర్చీ చేతిమీద వేలితో కొట్టేవారు. మొదటి వారం ఆ వేలి చప్పుడుతోనే గడిచింది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా దవడలు నొప్పి పుట్టేవి. పలకకుండా చూడటం, చూసి తెలుసుకోవడం అంటే ఏమిటో నాకు మూడో వారంలో గాని అర్థం కాలేదు. ఒకరోజు ఉన్నట్టుండి ఒక వరుసలో నాలుగు మాటలు ఒక్కసారే కంట్లో పడ్డాయి. భయపడి ఆగిపోయాను.

తర్వాత అట్ట ముక్క. చదివేవాళ్లు అట్టను వరుస కింద పెట్టుకుంటారు. ఆయన పైన పెట్టమన్నారు. చదివేసిన వరుసల్ని మూసేయాలి, వెనక్కి చూడటానికి వీల్లేదు. పైగా ఆ అట్ట నా చేతికి ఇవ్వలేదు. ముందుకు వంగి తనే పట్టుకుని మెల్లగా కిందికి లాగేవారు.

"నువ్వు యాడున్నవో నాకు కనబడది. నీ కోసం నా చెయ్యి ఆగది. నువ్వే ఉరకాలె" అన్నారు.

ఆ చెయ్యి ఒక్కలాగే దిగేది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. దాని ముందు నా కళ్లు పరుగెత్తేవి. ఎన్నోసార్లు అట్ట నన్ను దాటేసి, నేను చదవని వరుసను మింగేసింది. అప్పుడు ఏడుపొచ్చేది. కానీ గడపలో అత్తగారు ఉన్నారు, ఏడవడానికి కూడా లేదు.

కాగితం తెరిచే ముందు ఐదు ప్రశ్నలు మనసులో పెట్టుకోమనేవారు. ఎవరు, ఎవరికి, దేన్ని, ఎప్పుడు, ఎవరి ముందర. జవాబు దొరికిన కొద్దీ ఒక్కో వేలు ముడవాలి. ఉర్దూ దస్తావేజుల్లో మొదట సగం కాగితం మర్యాద మాటలే ఉంటాయి. అవి ప్రతిదాంట్లో ఒక్కటే, కాబట్టి వాటిమీద కళ్లు నిలపొద్దు. ముందు చివరికి పోయి సంతకాలు చూసి, ఆ తర్వాత మొదటికి రావాలి. అంతా అయ్యాక కాగితం బోర్లించి, చదివింది నా మాటల్లో, మన తెలుగులో ఆయనకు చెప్పాలి. ఎక్కడ తడబడితే అక్కడ నేను చదవనట్టే లెక్క.

ఆరు నెలలు తిరిగేసరికి పొయ్యి మీద పప్పు ఉడికేలోగా పది కాగితాలు చదివి చెప్పగలిగాను. మామగారు కోర్టులో ఎప్పటిలాగే నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని, నేను చెప్పింది గుర్తుపెట్టుకుని వాదించేవారు. ఎవరికీ అనుమానం రాలేదు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వంలోనే ఆ తప్పు జరిగింది.

ఒక గొర్లకాపరి మీద కేసు. పటేలు గడ్డివాముకు నిప్పు పెట్టాడని. సాక్షుల వాంగ్మూలాలు పన్నెండు. ఆ వాము పక్క ఇంటి ఆవిడది కూడా అందులో ఉంది. నేను గబగబా చదివి, "ఆమె గూడ ఈయనను వాము కాడ చూసిన అన్నది మామా" అని చెప్పాను. అందుకని మామగారు ఆవిడను తమ వైపు సాక్షిగా పిలిపించలేదు. కాపరికి ఆరు నెలల శిక్ష పడింది.

తీర్పు నకలు వచ్చాక అదీ నేనే చదివాను. పక్కింటావిడ తాను రోజంతా వాకిట్లోనే ఉన్నాననీ, కాపరిని వాము దగ్గర చూడలేదనీ చెప్పినా, ముద్దాయి వకీలు ఆమెను పిలిపించలేదని జడ్జి రాశాడు. పాత వాంగ్మూలం తీసి చూశాను. 'దేఖా', అంటే చూశానన్న మాటకు ముందు చిన్న గీత. 'న', అంటే లేదని. రాసినవాడు తొందరలో దాన్ని పక్క మాటకు అతికించాడు. దాన్ని నేను చూసీచూడనట్టు దాటిపోయాను.

మామగారు, "తీర్పుల ఏమున్నది?" అని అడిగారు.

ఉన్నదంతా చెప్పి ఆ ఒక్క వాక్యం వదిలేశాను.

ఆయనకు చదివి చెప్పేవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు. నేను చెప్పకపోతే ఆ వాక్యం ఈ లోకంలో లేనట్టే. రెండు రోజులు అలాగే ఉన్నాను. కాపరి భార్య వచ్చి అరుగు మీద కూర్చుంటే నీళ్లివ్వడానికి కూడా బయటికి వెళ్లలేదు. మూడోరోజు పొద్దున చాప మీద కూర్చుని, వక్క నోట్లో పెట్టుకోకుండానే చెప్పేశాను.

మామగారు విన్నారు. గడపలో చాట చప్పుడు ఆగిపోయింది.

"ఆ 'న' ఎంత ఉన్నది?" అని అడిగారు.

"గోరంత మామా."

ఆయన లేచి గోడ పట్టుకుని అరుగు మీదికి వెళ్లారు. "అమ్మా, నీ పెనిమిటి కాయితం నేను సరిగ్గ సదువలేదు. తప్పు నాది. మీది కోర్టుకు పోత" అని ఆమెతో అనడం లోపలికి వినిపించింది. నా పేరు ఎత్తలేదు. అప్పీలు వేశారు, ఆ 'న' చూపించారు. కాపరి విడుదలయ్యాడు. కానీ అప్పటికే నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

"పేర్లు, అంకెలు, లేదు, కాదు. వీటి కాడ బండి ఆపాలె" అన్నారు మామగారు తర్వాత ఒకసారి. అంతకుమించి ఆ సంగతి మళ్లీ మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత నేను ప్రతిచోటా బండి ఆపడం మొదలుపెట్టాను. ఒక వరుస మూడుసార్లు చదివేదాన్ని. చదివిందే మళ్లీ చదివేసరికి మొదటిది మర్చిపోయేదాన్ని. అట్ట కిందికి దిగుతుంటే దాని అంచు ఎత్తి వెనక్కి చూసేదాన్ని. ఆయనకు అదీ తెలిసింది.

"భయంతోని సదివితే గూడ తెల్వది బిడ్డా. తొందరతోని సదివితే తెల్వనట్టే" అన్నారు.

నా భయం తీరకముందే ఎల్లారెడ్డి కేసు వచ్చింది.

ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో ఒక రైతు ఆరేళ్ల కిందట చనిపోతే, అతని భార్య ఐదెకరాల చెల్క దున్నించుకుంటోంది. ఆ భూమి ఐదేళ్ల కిందటే ఆమె తనకు వదిలేసిందని ఆమె బావ, అంటే మొగుడి అన్న, ఒక దస్తావేజు తెచ్చి కోర్టులో పెట్టాడు. ఆమె వేలిముద్ర ఉందట. ఆమె మాత్రం ఏ కాగితం మీదా వేలు పెట్టలేదంటుంది. నకలు కోసం మేం పెట్టుకున్న దరఖాస్తుకు జవాబే రాలేదు. అసలు కాగితం పేషీ రోజే కోర్టులో చూడాలి.

"నువ్వు రావాలె" అన్నారు మామగారు.

మా అత్తగారే లేచి వచ్చారు. నా పెట్టెలోంచి ముదురు రంగు చీర తీసి ఇచ్చి, కొంగు తల మీద సరిచేశారు.

పొద్దున్నే మోటారు బస్సెక్కాం. ముందురోజు వాన పడింది. దారిలో వాగు దగ్గర బస్సు ఆగిపోయింది. నీళ్లు తగ్గేదాకా కూర్చున్నాం, తర్వాత అందరూ దిగి నెట్టారు. ఎల్లారెడ్డి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆ విధవరాలు కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే ఏడ్చింది.

కోర్టు కాగితాలు చూసే పేష్కారు గోడ మీది గడియారం వైపు చూశాడు. "జడ్జి సాబు నమాజుకు పోయిండ్రు. వచ్చేదాంక మిసిల్ చూస్కోండ్రి. వచ్చినంక ఒక్క నిమిషం ఆగరు" అన్నాడు. అప్పుడు నన్ను చూశాడు. "ఈమె ఎవరు?"

"నా కోడలు. నా అద్దాలు వాగుల పడ్డయి. ఈమె సదివి చెప్తది."

అద్దాలు ఆయన కోటు జేబులోనే ఉన్నాయి. పేష్కారు నవ్వాడు. "ఆడమనిషి మిసిల్ సదువుతదా?" అని పక్కనున్న బంట్రోతుతో అన్నాడు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, వింత చూడటానికి. పేష్కారు ఆ మిసిల్, అంటే కేసు ఫైలు, బల్ల మీద పెట్టి, కలం ముట్టుకోవద్దని చెప్పాడు.

ఇరవై ఆరు కాగితాలు. నోట్లో వక్క లేదు, అట్టా లేదు. నాలుకను పళ్ల మధ్య బిగపట్టాను. ముందు దస్తావేజు చివర చూశాను. వేలిముద్ర, ఇద్దరు సాక్షులు, రాసినవాడు. ఒక వేలు. మొదటికి వచ్చాను. ఎవరు, ఎవరికి. రెండు వేళ్లు. తేదీ ఐదేళ్ల కిందటిది, అంకె అంకె కూడబలుక్కుని చూశాను. ఒకచోట 'న' కనబడితే అక్కడ బండి ఆపాను. మిగతా కాగితాలు అవతలివాళ్ల అర్జీ, జవాబు, సమన్లు. వాటిమీద కళ్లు పరుగెత్తించాను. ఫైలు మూసి, మామగారి వైపు వంగి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడా తడబడలేదు.

"హద్దులు?" అన్నారు ఆయన.

"ఎప్పటి లెక్కనే ఉన్నయి మామా."

"ఎప్పటి లెక్క అంటే ఏంది? తూర్పుకు ఏమున్నది?"

ప్రతి దస్తావేజులో ఉండేవే కదా అని హద్దుల మీదుగా దాటిపోయాను. మళ్లీ ఫైలు తెరిచాను. చెమటకు వేళ్లు కాగితానికి అంటుకున్నాయి. ఉత్తరం ఎవరి పొలమో, దక్షిణం ఎవరిదో ఉంది. తూర్పున ఒక మాట, తర్వాత 'నౌ', అంటే కొత్తది, ఫలానావాళ్లది. గొలుసుకట్టు రాత, చుక్కలు లేవు. 'చాహ్' కావచ్చు, 'రాహ్' కావచ్చు. చాహ్ అంటే బావి, రాహ్ అంటే దారి.

"కొత్త బాయి అనన్న ఉన్నది, కొత్త బాట అనన్న ఉన్నది" అన్నాను.

"ఆమెనడుగు."

స్తంభం దగ్గరికి వెళ్లాను. "అక్కా, మీ చెల్కకు తూర్పు దిక్కు బాట ఉన్నదా?"

"బాట యాడిది బిడ్డా? ఆ దిక్కు వేరేటోళ్ల బాయి ఉన్నది."

"ఆ బాయి ఎన్నడు తవ్విండ్రు?"

"మొన్నటి ఎండకాలమే. మా కండ్ల ముందటనే తవ్విరి."

ఐదేళ్ల కిందట రాసిన కాగితంలో మొన్న తవ్విన బావి ఎలా ఉంటుంది? కానీ అది బావి అయితేనే. దారి అయితే రేపు అవతలివాళ్లు, అప్పట్లో బాట ఉండేది, ఇప్పుడు దున్నేశారంటారు. గోరంత గీత నన్ను ఇదివరకే ఒకసారి ముంచింది. వరండాలో అలికిడి. జడ్జి వచ్చే దారివైపు బంట్రోతు పరుగెత్తాడు. పేష్కారు ఫైలు కోసం చెయ్యి చాచాడు.

"ఒక్క నిమిషం" అన్నాను. మగవాళ్ల ముందు నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

ఆ రాసినవాడి చేత్తోనే రాసిన ఇంకో 'చ' కావాలి. హద్దులు మొదలయ్యే చోట 'చహార్' అని ఉంది, నాలుగు వైపులా అని. ఆ 'చ' చూశాను. తల మీద చిన్న వంకీ, కింద కడుపు. తూర్పు దగ్గరి మాట చూశాను. అదే వంకీ, అదే కడుపు. మళ్లీ 'ర' ఎలా రాశాడో రెండు చోట్ల చూశాను. దానికి వంకీ లేదు.

"బాయి మామా."

"పక్కానా? ఆ 'న' లెక్క కాదు గద?"

"పక్కా."

పేష్కారు ఫైలు లాక్కున్నాడు.

మామగారిని గుమ్మం దాటించి, నేను వరండాలో కిటికీ పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల మామగారు దస్తావేజు ఊసే ఎత్తలేదు. బోనులో ఉన్న బావను పంటల గురించి అడిగారు, వానల గురించి అడిగారు. అతను ఉత్సాహంగా చెబుతున్నాడు.

"తూర్పు దిక్కు బాయి ఉన్నదట గద, నీళ్లు మంచిగున్నయా?"

"మస్తుగున్నయి వకీలు సాబు."

"పాత బాయా?"

"పాతది యాడిది? మొన్నటి ఎండకాలం తవ్విండ్రు. నేను సుత ఒక చెయ్యి వేసిన."

అవతలి వకీలు లేచి ఏదో అన్నాడు గాని అప్పటికే ఆలస్యమైంది. మామగారు జడ్జిని తూర్పు హద్దు చదవమని కోరారు. కాగితం తిప్పిన చప్పుడు, మళ్లీ తిప్పిన చప్పుడు. ఆ కాసేపట్లో, జడ్జి దాన్ని 'రాహ్' అని చదివితే ఏమవుతుందోనని నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"చాహ్-ఎ-నౌ" అని జడ్జి పైకి చదివాడు. కొత్త బావి.

దస్తావేజును సీలు చేసి తన దగ్గర ఉంచమన్నాడు. రాసినవాణ్ని, సాక్షుల్ని వచ్చే పేషీకి పిలిపించమన్నాడు.

మామగారు బయటికి వస్తూ తలుపు వైపు కాకుండా గోడ వైపు నడిచారు. నేను లేచి వెళ్లి, ఏదో చెబుతున్నట్టు మోచెయ్యి పట్టుకుని ఇవతలికి తిప్పాను. విధవరాలు ఆయన కాళ్ల మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగి, "సదివింది నేను గాదమ్మా" అన్నారు. ఆమె ఎవరని అడగలేదు, నా రెండు చేతులూ పట్టుకుంది.

బస్సులో చాలా దూరం వచ్చాక ఆయన, "పది దినాల సంది రెండో కన్నుల ఉన్న ఆ జర మసక సుత పోయింది. ఇయ్యాల జడ్జి యాడ కూసున్నడో గూడ నాకు కనబడలేదు. గొంతు వచ్చిన దిక్కు చూసి మాట్లాడిన" అన్నారు. అంతసేపూ బిగపట్టిందంతా ఒక్కసారి వదులైపోయి, బస్సు ఆపించి దిగి వాంతి చేసుకున్నాను.

రెండు పేషీల తర్వాత ఆ కాగితం దొంగదని తీర్పు వచ్చింది. చెల్క ఆమెకే మిగిలింది.

మామగారు ఇక దాచలేదు. వచ్చినవాళ్లందరికీ తనే చెప్పేవారు. "నాకు కండ్లు కనబడయి. కాయితాలు మా కోడలు సదువుతది. ఇష్టమున్నోళ్లు ఉండుండ్రి." సగం మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఉన్నారు. కొత్తగా కొందరు ఆడవాళ్లు రావడం మొదలైంది. తమ గోడు ముందు నాకు చెప్పి, ఆ తర్వాత లోపలికి వెళ్లేవారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రెండో ఏడు ఆయన వకాలతు మానుకున్నారు. నేను మాత్రం ఆ తర్వాత కూడా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి చెబుతూనే ఉన్నాను.

ఆ ఏళ్లలో ప్రతి పొద్దునా ముందు గదిలోకి వెళ్లేటప్పుడు ఆ గోరంత 'న' గుర్తొచ్చి భయమేసేది. అయినా ఒక్కరోజు కూడా వెళ్లనని అనలేదు.